ఎడమచేతి చిటికెన వేలు

మా దంతశాల గోడ మీద నేను రాయించిన నియమం ఒకే వాక్యం: "లిక్విడ్‌ను చర్మం తాకరాదు." తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో, పైనుంచి కిందికి మూడు వరుసలు. ఎర్రరంగు అక్షరాలు, చివర చుక్కతో సహా. పెయింటరు మొదటిసారి వంకరగా రాస్తే చెరిపించి మళ్లీ రాయించాను. నేను పదవీ విరమణ చేసేదాకా ఆ వాక్యం ఆ గోడ మీదే ఉంది. ఇన్నేళ్లలో ఆ గోడకు మాత్రం ఏ జబ్బూ రాలేదు.

ఇవాళ గోళ్లకు కృత్రిమ పూతలు వేసే దుకాణాల్లో పనిచేస్తున్న అమ్మాయిలకు, పళ్లసెట్లు చేసే కుర్రవాళ్లకు, రకరకాల జిగుర్లతో ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఈ జ్ఞాపకం ఉపయోగపడుతుందేమో నాకు తెలియదు. ఉపయోగపడుతుందన్న నమ్మకం కూడా పెద్దగా లేదు. మీ సీసాల మీద పేర్లు వేరు కావచ్చు. కానీ వాటిలో చాలావాటి కుటుంబం ఒక్కటే. వాటిని ఆక్రిలేట్లు అంటారు. గట్టిపడేదాకా వాటిని చేత్తో ముట్టుకోకూడదు. చెప్పవలసిన శాస్త్రం ఇంతే. మిగిలినదంతా ఒక మనిషి కథ.

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాల మాట. జంషెడ్‌పూర్‌లో భాలుబాసా దగ్గర చిన్న కార్ఖానాల కార్మికుల చందాలతో నడిచే ఒక ఆసుపత్రి ఉండేది. పెద్ద ఆసుపత్రుల గురించి అందరికీ తెలుసు. మాది ఎవరికీ తెలియదు. అందులో పళ్ల విభాగానికి ఒక బెంగాలీ డాక్టరుగారు, పళ్లసెట్లు తయారుచేసే గదికి నేను అధికారులం. నేను మద్రాసులో ఆ విద్య పద్ధతిగా చదువుకుని వచ్చినవాణ్ణి. నా చేతికింద ఒకే ఒక మెకానిక్కు, అంటే సెట్లు చేసే పనివాడు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం, పర్సుడీహ్‌లో కాపురం. మొదట వార్డులో స్ట్రెచర్లు మోసేవాడు. అతని వేళ్లలో ఉన్న నేర్పు చూసి గదిలోకి తీసుకుని పని నేర్పింది నేనే. వాళ్ల తాతా తండ్రీ రైల్వేలో బరువులు మోసి బతికినవారు. ఇంటిల్లిపాదిలో మోత పని కాక చేతిపని అంటూ దొరికింది ఇతనికే మొదటిసారి. ఆ గర్వం అతనికి నిలువెల్లా ఉండేది. ఉద్యోగం మాత్రం ఇంకా తాత్కాలికమే.

పళ్లసెట్టు చేసే విధానం రెండు మాటల్లో చెబుతాను. గులాబీరంగు పొడిలో ఘాటువాసన వచ్చే లిక్విడ్ పోసి కలిపితే పిండిముద్దలా అవుతుంది. ఆ ముద్దను అచ్చులో కూరి, అచ్చు బిగించి, నీళ్లలో ఉడికిస్తే గట్టిపడి, పళ్లను పట్టి ఉంచే చిగురు తయారవుతుంది. ముద్ద పదునుకు వచ్చిందో లేదో వేలితో సాగదీసి చూసుకోవడం అప్పట్లో అందరికీ అలవాటు. విరిగిన సెట్టు అతికేటప్పుడు, వేలి కొనను లిక్విడ్‌లో ముంచి అతుకు మీద నున్నగా రాయడం ఇంకొక అలవాటు. మా వాడికి ఈ రెండో పనిలో ఊరంతటా పేరుంది. అతుకు ఎక్కడుందో రోగి నాలుకకు కూడా దొరికేది కాదు.

మొదట అతని బొటనవేలి, చూపుడువేలి కొనలు ఎర్రబడ్డాయి. తరువాత పగుళ్లు, నీటిపొక్కులు. వేళ్ల కొనలు మొద్దుబారాయని, గుండీ పెట్టుకుంటే తెలియడం లేదని అన్నాడు. ఆవకాయ అన్నం కలుపుకోలేక చెంచాతో తినడం మొదలుపెట్టాడు. మా ఆయా ఉండేది, ఇచ్ఛాపురం వైపు మనిషి, వయసులో మా అందరికన్నా పెద్దది, నోటికి అడ్డు లేనిది. ఒకరోజు అతను చెంచాతో అన్నం తింటుంటే చూసింది.

"ఏటిరా, మా దొరబాబూ! రేపట్నుంచి కత్తీ ఫోర్కూ కూడా ఎట్టమంతావేటి?"

"నవ్వకే అత్తా. ఏళ్లు మంటెత్తుకుపోతన్నాయి."

"పసుపూ యాపాకూ నూరి రాయి. లేకపోతే ఆ మందు మానీ."

"మానీసి మల్లీ స్ట్రెచర్లు మొయ్యమంతావేటి?" అన్నాడు.

డాక్టరుగారు మంచివారు. ఆపరేషన్ గది నుంచి రబ్బరు తొడుగులు తెప్పించి ఇచ్చారు. అప్పట్లో వాటిని ఉతికి, పౌడరు చల్లి, చిల్లులు పడితే అతికి మళ్లీ మళ్లీ వాడేవారు. తొడుగులు వేసుకున్నాక అతని చేతులు మానతాయనుకున్నాం. మానలేదు సరికదా, జబ్బు మణికట్టుదాకా పాకింది. నాకు అనుమానం వచ్చి, ఒక కొత్త తొడుగు వేలిలో కొంచెం లిక్విడ్ పోసి, మూతి ముడివేసి తెల్లకాగితం మీద పెట్టాను. టీ తాగి వచ్చేసరికి రబ్బరు ఉబ్బి ముడతలు పడింది. బయటివైపు ముట్టిన కాగితానికి అదే ఘాటు వాసన. అంటే ఆ తొడుగు లిక్విడ్‌ను ఆపడం లేదు. లోపలికి రానిచ్చి, చర్మానికి అదిమి పట్టి, ఆరిపోకుండా కాపాడుతోంది. కాపలాకు పెట్టినవాడే దొంగకు తలుపు తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ రోజునుంచి గదిలో పద్ధతి మార్చాను. మూత ఉన్న గాజుగిన్నెలో కలపాలి. ముద్దను పాలిథిన్ కాగితం మడతలో పెట్టి పైనుంచే పిసకాలి. పట్టకారుతో ఎత్తి అచ్చులో పెట్టాలి. నునుపు చేయవలసి వస్తే చిన్న ఉక్కు గరిట కొనతో చేయాలి. పని అయ్యేదాకా కిటికీ తెరిచి ఉంచాలి. గోడమీది వాక్యం అప్పుడు పుట్టిందే. డాక్టరుగారు ఆసుపత్రి నడిపే కమిటీతో మాట్లాడి అతనికి ఒక అవకాశం ఇప్పించారు. దసరా వరకు చేతులు శుభ్రంగా ఉంటే ఉద్యోగం ఖాయం చేస్తారు. మళ్లీ పొక్కులు వస్తే దంతశాలనుంచి తీసేస్తారు. ఇక ఈ పని అతనికి ఉండదు. ఈ షరతు మా ముగ్గురికీ బాగా తెలుసు.

అతను పద్ధతి పాటించాడు. కానీ ఇష్టంగా కాదు. "గరిటెతో ముగ్గెయ్యమన్నట్టుందండి బాబూ. ఏలు తగలకుండా నునుపెలాగొత్తాది? నాలిక్కి తెలిసిపోతాది," అనేవాడు. ఈ వాదన తేల్చడానికి నేనొక పని చేశాను. అప్పటికే నాకు పై పళ్లు చాలావరకు పోయాయి, మిగిలినవి పీకించుకున్నాను. "నా సెట్టు నువ్వే చెయ్యి. మొదటినుంచి చివరిదాకా ఒక్క వేలు కూడా తగలకూడదు. నేను పక్కనే కూర్చుంటాను," అన్నాను. అతను చేశాడు. గిన్నె, పాలిథిన్, పట్టకారు, గరిట. వేలు మాత్రం ఎక్కడా తగల్లేదు. సెట్టు పెట్టుకుని, నాలుకతో నలుమూలలా వెతికి, "ఎక్కడా గరుకు లేదు," అన్నాను.

అతను నమ్మలేదు. "మీరు నా మనసు కోసం అంటన్నారండి," అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఒకరి మనసు కోసం నేనాడిన మాట ఒక్కటైనా ఉంటే చూపమన్నాను. నవ్వాడు. కానీ నమ్మలేదు.

వర్షాలు తగ్గుముఖం పట్టేసరికి అతని చేతులు మానాయి. పాత పగుళ్ల చోట చర్మం కొత్తగా, లేతగా వచ్చింది. మళ్లీ చేత్తో అన్నం కలుపుకున్న రోజున ఆయా దగ్గరికి వెళ్లి చేయి చాపి చూపించి వచ్చాడు. "దొరతనం పోనాదేటి నాయనా? పాపం!" అంది ఆవిడ. ఆ మాటకు గది అంతా నవ్వింది. నేను కూడా నవ్వానేమో.

తరువాత విశ్వకర్మ పూజ వచ్చింది.

జంషెడ్‌పూర్‌లో బతికినవారికి ఆ పండగ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మిగిలినవారికి చెబుతాను. సెప్టెంబరు నడుమ వచ్చే ఆ రోజున ఊళ్లోని ప్రతి కార్ఖానాలో, ప్రతి గ్యారేజీలో, చెప్పులు కుట్టేవాడి బల్ల దగ్గర కూడా పనిముట్లకు పూజ చేస్తారు. యంత్రాలకు దండలు వేస్తారు. సుత్తి, స్పానరు, రంపం కడిగి బొట్లు పెట్టి విగ్రహం ముందు పేరుస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా కదపరు. ఆ ఒక్కరోజు ఇనుముకు కూడా సెలవు.

మా గదిలో ఎర్రగుడ్డ పరిచి, పటం ముందు అన్నీ పేర్చాడు. పట్టకార్లు, గరిటలు, మైనం కత్తులు, గాజుగిన్నెలు, మూతలు, చివరికి పాలిథిన్ కాగితాల చుట్ట కూడా. అన్నిటికీ సిందూరం బొట్లు. బంతిపూలు. ఇంత శ్రద్ధ ఏ ఏడూ చూడలేదు. అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. "ఈయేడు మొక్కుకున్నానండి. నా సేతులు బాగుండాలని." ఏ వస్తువులవల్ల అతని చేతులు బాగయ్యాయో ఆ వస్తువులన్నీ మొక్కుకు సాక్షులుగా పటం ముందున్నాయి. పద్ధతిని ఇష్టపడేవాణ్ణి కనుక ఆ వరుస చూసి నాకు సంతోషమే కలిగింది.

పూజ ముగిసి బూందీ పంచుతుండగా అతని మామగారు వచ్చారు. టాటానగర్ స్టేషనులో ఇంజన్ షెడ్డు ఫిట్టరు. అంతకంటే ముఖ్యంగా, రైల్వే తెలుగువాళ్లు వేసే పౌరాణిక నాటకాల్లో రాజు వేషం ఆయనది. ఆ సాయంత్రం షెడ్డు ఆవరణలో నాటకం ఉంది. ఆయన నోరు మూసుకునే వచ్చి, జేబులోంచి రుమాలు తీసి విప్పారు. పై పళ్లసెట్టు రెండు ముక్కలుగా ఉంది.

"కొబ్బరి ముక్కండి. షెడ్డులో పెసాదం. ఒకటే కొరికేను," అన్నారు, గాలి పోతున్న గొంతుతో.

"రాజుగారు కొబ్బరి కొరకడమేటి? మంత్రి సేత కొరికించాల గానీ," అంది ఆయా.

"నీకు నవ్వులాటగుందా! 'సభాసదులారా' అని పిలవాల నాను. ఇలాగైతే 'హభాహదులారా' అంతాను. ముందు వరసలో డివిజన్ ఆఫీసర్లు కూకుంతారు."

మేము నవ్వాము. ఆయన నవ్వలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ వేషం ఆయనదే. పళ్లు లేకపోతే ఇంకొకరు కడతారు; ఒకసారి ఇంకొకరు కట్టాక మళ్లీ తిరిగి రాదు.

"అల్లుడా, గంటలో అయిపోతాది కదేటి?"

మా వాడు ముక్కలు తీసుకుని కలిపి చూశాడు. చల్లగానే గట్టిపడే రకం లిక్విడ్ బీరువాలో ఉంది. అతకడం తేలికే. అతని చూపు ఎర్రగుడ్డ వైపు వెళ్లి ఆగిపోయింది.

నేను మామూలుగా పూజలకు అడ్డుచెప్పే మనిషిని కాను. కానీ ఆ రోజు నేనే అన్నాను. "ఒక గిన్నె, ఒక గరిట తియ్యి. దేవుడికి జవాబు నేను చెప్పుకుంటాను."

"ముట్టుకోకండి బాబూ! పూజలో ఉన్న సామాను ఎత్తితే ఏడాదంతా అరిష్టం," అంది ఆయా.

మా వాడు చేతులు జోడించాడు. "వద్దండి బాబూ. సేతుల కోసరమే మొక్కుకున్నాను. ఇయాళ నా సేత్తోనే ఆ సామాను కదిపితే, రేపు ఏటన్నా అయితే, నానెవలికి సెప్పుకుందునండి?"

"అయితే రేపు ఉదయం చేద్దాం."

"నాటకం ఇయాలండి," అన్నారు మామగారు.

"అయితే ఈ ఏటికి పళ్లు లేని రాజు," అన్నాను. అది కఠినమైన మాటే. కానీ సరైన మాట. "పనిముట్టు ఎత్తితే చెయ్యి. ఎత్తకపోతే చెయ్యకు. మూడోది లేదు. గోడమీద ఉన్నది నీకు మూడు భాషల్లో చదవడం వచ్చు." అతను తల ఊపాడు. అప్పుడే కమిటీ పెద్దలు వరండాలో హారతికి పిలిచారు. విభాగాధికారులు ఉండక తప్పదు. వెళ్లాను. హారతి, ఆ తరువాత ఒకరి ఉపన్యాసం, ఆ తరువాత కిచిడీ.

తిరిగి వచ్చేసరికి మామగారు అద్దం ముందు నిలబడి, "సభాసదులారా!" అంటున్నారు. స్పష్టంగా, గంభీరంగా. పళ్లు నోట్లో ఉన్నాయి. పటం ముందు ఒక్క వస్తువు కదల్లేదు. గరిటమీది సిందూరం చెదరలేదు.

"దేనితో కలిపావు?" అని అడిగాను.

"అగ్గిపుల్లతోనండి. టీ మూకుట్లో."

నిజమే. పూజలో లేని, టీ తాగి పారేసే మట్టిమూకుడు. పూజలో లేని అగ్గిపుల్ల. ఒక్క నిమిషం నాకు అతని తెలివికి ముచ్చట వేసింది. మామగారి నోట్లోంచి సెట్టు తీయించి చూశాను. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. అద్దంలా ఉంది.

"అగ్గిపుల్లతో ఈ నునుపు రాదు."

అతని ఎడమచేయి వీపు వెనక ఉంది.

"చెయ్యి చూపించు."

చూపించాడు. చిటికెన వేలి కొన. సబ్బుతో రెండుసార్లు కడిగానన్నాడు. దాని మీద ఏమీ లేదు; తెల్లగా, శుభ్రంగా, చంటిపిల్ల వేలిలా ఉంది.

"కుడిసెయ్యి తగల్నివ్వలేదండి. బొటనేలు తగల్నివ్వలేదు. ఈ ఏలికి ఎప్పుడూ రాలేదు కదండీ," అన్నాడు. మోసం చేసినవాడి గొంతు కాదది. జబ్బు ఏయే వేళ్లలో కాపురముందో వాటిని పక్కన పెట్టి, జబ్బు ఎరగని వేలిని పనికి పిలిచానన్న గొంతు. అతని లెక్కలో అతను నియమం పాటించాడు. దేవుడి పనిముట్టూ చెడలేదు. జబ్బు వేలూ తగల్లేదు. మామగారి పరువూ నిలిచింది.

డాక్టరుగారు ఒకసారి నాకు చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. ఈ రకం పగ ఒకసారి ఒంటికి పుడితే అది ఒక్క వేలిది కాదని, రక్తంతో పాటు తిరుగుతుందని, మానినట్టు కనిపించేది మానడం కాదని, తగిలే దానికోసం కాచుకుని ఉండడమని.

ఆ సాయంత్రం నాటకం బాగా జరిగిందట.

మర్నాడు ఏమీ లేదు. వరండాలోని విగ్రహం నిమజ్జనం అయ్యాక, పనిముట్లు కడిగి, వాటి వాటి స్థానాల్లో పెట్టాడు. "సూసేరా బాబూ, ఏటీ నేదు," అని చిటికెన వేలు ఆడించి చూపించాడు. నేను కూడా ఆశపడ్డాను. ఆశపడడం క్రమశిక్షణకు లొంగదు.

ఆ తరువాతి ఉదయం అతను వచ్చినప్పుడు రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. చిటికెన వేలు దొండపండులా వాచింది. దాన్ని చూసి నేను భయపడలేదు. కుడిచేయి తీశాక భయపడ్డాను. ఆ రోజున ఏమీ తగలని బొటనవేలు, చూపుడువేలు, పాత పగుళ్లున్న చోటే, పాత గీతల వెంటే, మళ్లీ విచ్చుకున్నాయి. ఎవరో పిలిచినట్టు. వారం తిరిగేసరికి కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి.

డాక్టరుగారు అతని చేతులను తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆయన మాతో బెంగాలీ యాస హిందీలోనే మాట్లాడేవారు. "యే ఉంగ్లీ కా బీమారీ నహీ హై, దాదా. పూరే ఆద్మీ కా హై," అన్నారు. ఇది వేలి జబ్బు కాదు, మొత్తం మనిషిది.

"ఇంకొక్క పాలి అవకాశం ఇప్పించండి సార్," అన్నాడు మా వాడు. తెలుగులోనే అన్నాడు. డాక్టరుగారికి తెలుగు రాదు. అయినా అర్థమైంది, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

కమిటీ ఎక్కువసేపు చర్చించలేదు. అతన్ని చీటీలు ఇచ్చే కిటికీ దగ్గరికి మార్చారు. స్ట్రెచర్లు మోయమనలేదు, దాన్ని దయ అనుకోమన్నారు. మొదట్లో రోగుల చీటీలు ఇవ్వడానికి మా గుమ్మందాకా వచ్చేవాడు. ఒకసారి లోపలికి వచ్చి, ఉడుకుతున్న అచ్చుల పక్కన నిలబడి, కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చాడు. మర్నాటికి రెప్పలు వాచాయి. ఆ తరువాత గుమ్మం దాటలేదు. చీటీని బయటినుంచి చాపేవాడు. నేను లేచి వెళ్లి తీసుకునేవాణ్ణి. నేను కూర్చున్న చోటునుంచి లేచి ఎవరి దగ్గరికీ వెళ్లే అలవాటు లేనివాణ్ణి.

మామగారు ఒకరోజు వచ్చి రుమాలు విప్పి నా బల్లమీద పెట్టారు. అవే పళ్లు.

"ఇవి నాకొద్దు బాబూ. వీటితో అన్నం సయించట్లేదు."

"మీరు పారేస్తే అతని చేతులు రావు. పెట్టుకోండి," అన్నాను. పెట్టుకున్నారు. వేషం మాత్రం మళ్లీ కట్టలేదని విన్నాను.

అతని స్థానంలో వచ్చిన కుర్రవాడు చదువుకున్నవాడు, సర్టిఫికెట్టు ఉన్నవాడు. మొదటిరోజే గోడమీది వాక్యం పైకి చదివాడు. సాయంత్రానికి వేలు లిక్విడ్‌లో ముంచి నునుపు దిద్దుతున్నాడు. అడిగితే, "ఆదత్ హై, సార్," అన్నాడు. అలవాటట. కేకలు వేశాను. నేను గదిలో ఉన్నంతసేపు గరిట. నేను వెళ్లగానే వేలు. నేను విరమించిన ఏడాది గోడలకు సున్నం కొట్టారు. అక్షరాల చుట్టూ వదలమని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. మూడు భాషలమీదా కలిపి ఒకే పూత వేశారు.

ఎనభయ్యో దశకం ముగుస్తుండగా, ఒక ఆదివారం సీతారామ్‌డేరాలోని నా ఇంటినుంచి బయలుదేరి పర్సుడీహ్‌లో మా వాడి ఇంటికి వెళ్లాను. అతను కూడా ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం మానేశాడు. నన్ను చూసి లేచి నిలబడి నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఇదేమిటి? సెట్టు కట్టించుకోలేదా?"

"కట్టించేనండి. రెండు పాలిలు. రెండు పాలిలూ నోరంతా పుండైపోనాది."

ఎంత ఉడికించినా ఆ గులాబీ చిగురులో కొంచెం పచ్చిదనం మిగులుతుంది. మనకు తెలియదు, అతని ఒంటికి తెలుస్తుంది. వేళ్లు మరిచిపోయినా నోరు మరిచిపోలేదు. ఊరందరికీ పళ్లు చేసినవాడికి ఊళ్లో పనికొచ్చే పళ్లు లేవు. అతని భార్య ఒక గిన్నెలో టీ పోసి, అందులో రొట్టె నానబెట్టి తెచ్చి ఇచ్చింది. నాకు పళ్లెంలో గట్టి జంతికలు పెట్టింది. నేను వాటిని శబ్దం రాకుండా నమలడానికి ప్రయత్నించాను. జంతికల విషయంలో అది సాధ్యం కాదు.

"మీయి బాగున్నాయేటండి బాబూ?" అన్నాడు నా నోటివైపు చూస్తూ.

పదిమందిలో పళ్లసెట్టు తీయడం అమర్యాద అని వేలమంది రోగులకు బోధించినవాణ్ణి నేను. అయినా పక్కకు తిరిగి తీశాను. కడిగాను. రుమాల్లో పెట్టి అతని ముందు చాపాను. అన్నేళ్లు గడిచినా రంగు కొంచెం మారిందంతే.

"ఏలు తగలకుండా సేసిందే కదండి ఇది?"

తలూపాను. పళ్లు లేకుండా మాట్లాడడం నాకు చేతకాదు.

"నిజం సెప్పండి. నాలిక్కి గరుగ్గా తగుల్తాదా?"

నా నాలుక అన్నేళ్లుగా రోజూ, నిద్రపట్టక ముందు, ఆ చిగురు మీద వెతుకుతూనే ఉంది. ఒక్కచోట, ఒక్క గీత దొరికితే బాగుండునని. వేలు ముంచక తప్పని పని అని అతను అనుకున్నది నిజమేననడానికి ఒక్క రుజువు. దొరకలేదు. తల అడ్డంగా ఊపాను. ఈసారి అతను నమ్మాడు. మొహం చూస్తే తెలిసింది. నమ్మకపోయినా బాగుండేదనిపించింది.

అతను ముందుకు వంగి చాలాసేపు చూశాడు. ఒకసారి తడిమి చూసుకోవాలని ఉందని తెలుస్తూనే ఉంది. ఉడికి గట్టిపడినదాన్ని ఒక్క క్షణం ముట్టుకుంటే ఏమీ కాదని చెబుదామనుకున్నాను. నోట్లో పళ్లు లేవు. కుడిచేయి సగందాకా వచ్చి ఆగింది. వెనక్కి వెళ్లింది. రెండు చేతులూ వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

ఇంత ఉద్యోగం చేసి, నా నియమాన్ని అక్షరం తప్పకుండా పాటించిన మనిషిని నేను చూసింది అప్పుడొక్కసారే.